దాతయు, వోటును

మా యింట అటకమీద ఒక రేకుపెట్టె గలదు. అందులో మా అత్తగారి పట్టుచీర యొకటి, ఇత్తడి కుంకుమభరిణె యొకటి, వానిక్రింద వారపత్రికలనుండి చించి దబ్బనముతో కుట్టిన నవల యొకటి ఉన్నవి. ఆ నవల కాగితముల అంచులు ఎఱ్ఱబడియున్నవి. ప్రాతబడిన కాగితమునకు వచ్చు పసుపువన్నె వేఱు; ఇది మిరపకాయలు ముట్టిన చేతుల యెఱుపు. ఇప్పటికిని ఆ పెట్టె మూత తీసినచో మాకు తుమ్ము వచ్చును. నవల పేరు ‘ప్రేమనగర్’. వ్రాసినవారు కోడూరి కౌసల్యాదేవిగారు. కారంచేటి దగ్గుబాటి రామానాయుడుగారినిగూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనని కూర్చున్నపుడు మాకు మొదట జ్ఞప్తికి వచ్చినది వారి స్టూడియోయు కాదు, వారు గెలిచిన యెన్నికయు కాదు, ఈ పెట్టెయే.

మేము పర్చూరునకు కోడలిగా వచ్చినది 1969 లో. అప్పటికి పర్చూరు గుంటూరు జిల్లాలోనిది. మఱుసటి సంవత్సరము ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా యేర్పడగా అందులో చేరితిమి. దానికి పిమ్మట ప్రకాశము జిల్లా యని పేరు వచ్చెను. 2022 ఏప్రిల్ నెలనుండి బాపట్ల జిల్లావారమైతిమి. ఊరు మాత్రము ఉన్నచోటనే ఉన్నది. అదే నల్లరేగడి, అదే ప్రత్తి, అదే మిరప. మాఘఫాల్గుణ మాసములలో కల్లమున ఎండిన కాయను ఇంటికి తెచ్చి, వసారాలో రాశిగా పోసి, తాలుకాయ ఏఱివేసి, తొడిమలు తీయుట మా యింట ఆడువారి పని. పదిపండ్రెండుమంది కూలిస్త్రీలు వరుసగా కూర్చుండెడివారు. ముక్కులకు పైటకొంగులు చుట్టుకొని, కన్నులలో నీరు కాఱుచుండగా, ప్రొద్దుననుండి దీపము పెట్టువఱకు పని సాగెడిది.

మా అత్తగారికి చదువు రాదు; వినుట వచ్చును. క్రొత్తకోడలు ఎనిమిదవ తరగతివఱకు చదివినదని విని, “అమ్మాయ్, నువ్వు కాయలు ముట్టొద్దులే, ఆ కథేదో చదువు, అందఱం వింటాం” అనిరి. ఆ విధముగా మాకు ఘాటు పని తప్పి, పఠనోద్యోగము లభించెను. కాగితములు మాత్రము చేతులు మారకుండ ఉండలేదు. బొమ్మ చూపుమని ఒకరు, ఆ పిల్ల ముక్కు ఎట్లున్నదో చూతమని ఒకరు అడిగి తీసికొనెడివారు. ఆ యెఱుపు అట్లు అంటినదే. త్రాగుబోతు జమీందారు కల్యాణునిగూర్చియు, వాని యింట కొలువునకు చేరిన లతనుగూర్చియు మా వసారాలో జరిగిన వాదోపవాదములు ఏ సాహిత్యసభలోను జరిగియుండవని మా నమ్మకము. చేయని నింద నెత్తిన పడినపుడు ఆ పిల్ల ఇల్లు విడిచిపోవుట తగునా, నిలిచి ఎదిరించుట తగునా యని ఒక దినమంతయు తెగలేదు. ఆనాడు బస్తాలు రెండు తక్కువ నిండినవని మామగారు కోపించిరి.

1971 సెప్టెంబరులో ఆ కథయే చలనచిత్రమై వచ్చినది. కొన్ని వారములు గడచినపిమ్మట అత్తగారితో కూడ మేము చీరాల వెళ్లి చూచితిమి. పర్చూరునుండి చీరాల పోవు త్రోవలోనే కారంచేడు. బస్సు అక్కడ ఆగినపుడు ప్రక్కసీటులోని పెద్దమనిషి కిటికీలోనుండి వేలు చూపి, “ఈ సినిమా తీసినాయనది ఈ ఊరే” అనెను. మా అత్తగారు తల బయటపెట్టి చూచి, “మన వసారాలో కథని మన పక్కూరాయన కొనుక్కున్నాడన్నమాట” అనిరి. అప్పటికి అది నవ్వులాటగానే ఉండెను. కాని ఆ మాటలో ఎంత నిజమున్నదో మాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

రామానాయుడుగారు 1936 వ సంవత్సరము జూను 6 వ తేదీన కారంచేటిలో రైతుకుటుంబమున జన్మించిరి. పసితనముననే తల్లిని కోల్పోయి పినతల్లి చేతిలో పెరిగిరి. సేద్యము, ధాన్యపుమర చూచుకొనుచు ఆ యూరనే ఉండిపోదగిన మనిషి మద్రాసు చేరి చలనచిత్రములలో డబ్బు పెట్టిరి. 1963 లో భాగస్థులతో కలిసి తీసిన ‘అనురాగం’ కలిసిరాలేదు. మఱుసటి యేట పెద్దకుమారుని పేర సురేష్ ప్రొడక్షన్స్ అను సంస్థను స్థాపించి ‘రాముడు భీముడు’ తీసిరి. నందమూరి తారకరామారావుగారు ద్విపాత్రలు ధరించిన మొదటి చిత్రమదియే. దానితో నిలద్రొక్కుకొనిరి గాని ఆ వ్యాపారమున లక్ష్మి ఒకచోట కూర్చుండునది కాదు. తరువాతి చిత్రములు కొన్ని దెబ్బతీసినవి. ‘ప్రేమనగర్’ మొదలుపెట్టునప్పటికి, ఇది కూడ పోయినచో మద్రాసు విడిచి కారంచేడు చేరి మఱల నాగలి పట్టుదునని నిశ్చయించుకొన్నట్లు ఆయనయే పలుతావుల చెప్పియున్నారు.

అది పోలేదు. అక్కినేని నాగేశ్వరరావుగారును, వాణిశ్రీగారును నటించిన ఆ చిత్రము ఆంధ్రదేశమంతట విరగబడి ఆడినది. అదే కథను 1972 లో శివాజీ గణేశనుగారితో ‘వసంతమాళిగై’ యని తమిళమునను, 1974 లో రాజేష్ ఖన్నాగారితో హిందీలోను తీసిరి. ఒక తెలుగు గృహిణి తన యింట కూర్చుండి వ్రాసిన కథ మూడు భాషల ప్రేక్షకులచేత కన్నీరు పెట్టించినది. అంతటితో ఆగలేదు. యద్దనపూడి సులోచనారాణిగారి ‘జీవన తరంగాలు’ను 1973 లోను, కౌసల్యాదేవిగారి ‘చక్రవాకం’ను 1974 లోను, మఱల సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ని 1976 లోను ఆయన చిత్రములుగా తీసిరి. (యద్దనపూడి యను గ్రామము మా పర్చూరునకు దగ్గఱలోనిదే, సులోచనారాణిగారు మాత్రము కృష్ణాజిల్లా కాజలో పుట్టినవారు. ఇంటిపేరు చూచి ఆమె మా పక్కయూరివారే యని మా వసారాలో చాలకాలము గర్వపడితిమి.)

ఈ నాలుగు పేర్లను మేము పనిగట్టుకొని చెప్పుచున్నాము. రామానాయుడుగారు నూటముప్పదికి పైగా చిత్రములు పదింటికి మించిన భాషలలో నిర్మించి గిన్నిస్ గ్రంథమున కెక్కిరనియు, హైదరాబాదున కొండమీద స్టూడియో కట్టిరనియు, 2009 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును, పద్మభూషణ్ బిరుదమును పొందిరనియు ఆయననుగూర్చి వ్రాసినవారందఱు చెప్పుదురు. అవన్నియు నిజములే. కాని నాగలివైపునకు తిరుగబోయిన మనిషిని మద్రాసుననే నిలిపినది ఒక స్త్రీ వ్రాయగా, వేలమంది స్త్రీలు వంటయింటి పని తీఱిన పిదప చదివిన కథ. ఆ కథ ఆడునని ఆయనకు ధైర్యమిచ్చినది ఏ పండితుని అభిప్రాయమో కాదు. వారము వారము పత్రికకై ఎదురుచూచిన గృహిణులు. ఆ కాలమున నవలలు చదువు స్త్రీని ఇంట ఎట్లు ఎత్తిపొడిచెడివారో ఈ పత్రిక చదువు పెద్దలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పప్పు మాడినను, పాలు పొంగినను నవలయే కారణము. ఆ మాడిన పప్పులోనుండి ఒక సంపద పుట్టినదని చెప్పుకొనుటకు మాకు సంకోచము లేదు.

ఆ సంపదలో కొంత తిరిగి లోకమునకు వచ్చినది. 1991 లో ఆయన తన పేర ధర్మసంస్థను నెలకొల్పి విద్యకు, వైద్యమునకు సాయపడిరి. మెదకు ప్రాంతపు తునికి గ్రామమున పల్లెపిల్లలకు వ్యవసాయము మొదలగు వృత్తులు నేర్పు గ్రామీణాభివృద్ధి సంస్థ ఆయన పేరనే నడచుచున్నది. సొంతయూరిని మఱచినవారు కారు.

దాతలు రాజకీయములలోనికి వచ్చుట తెలుగువారికి క్రొత్త గాదు. మన యింటి గూటిలో తలనొప్పికి ఉంచుకొను అమృతాంజనపు సీసాయే అందుకు సాక్షి. 1893 లో దానిని బొంబాయిలో మొదలుపెట్టి, వచ్చిన ధనముతో ఆంధ్రపత్రికను, భారతిని నడపి, విశ్వదాత యనిపించుకొన్న కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్ర కాంగ్రెసునకు అధ్యక్షులై కారాగారమునకు కూడ వెళ్లిరి. అయితే ఆనాడు రాజకీయమనగా పోగొట్టుకొనుట. 1938 లో పంతులుగారు గతించునాటికి దేశమున వయోజనులందఱికి వోటే లేదు. దాత యొకవైపు, పుచ్చుకొన్నవారు మఱియొకవైపు నిలిచి, నడుమ వోటుపెట్టె పెట్టుట మన తరమున వచ్చిన సంగతి.

రామానాయుడుగారు 1999 లో తెలుగుదేశము పక్షమున బాపట్లనుండి లోకసభకు నిలిచి గెలిచిరి. పర్చూరు ఆ నియోజకవర్గములోనిది. చేరినది లోకసభయే యైనను మా పల్లెలలో పార్లమెంటు సభ్యుని కాలువనీటికి, బడికప్పునకు, మంచినీటి పంపునకు అడుగుదురు. కనుక మా దృష్టిలో అది రాష్ట్రరాజకీయమే. ఆ రోజులలో ప్రతి సభ్యునికిని తన నియోజకవర్గమున పనులు చేయించుటకు ఏటికి 2 కోట్ల రూపాయలు ప్రభుత్వమిచ్చెడిది. దానికితోడు ఆయన సొంత ధనమును కూడ వెచ్చించిరని మా ప్రాంతమున చెప్పుకొందురు. ఇక్కడనే ఒక చిక్కున్నది. ప్రభుత్వము ధనముతో వచ్చిన గది మన హక్కు. సొంత ధనముతో వచ్చిన గది దానము. ఆ రెండు గదులును ఒకే మనిషి చేతిమీదుగా, ఒకే పూలదండతో, ఒకే ఫోటోతో వచ్చినపుడు పుచ్చుకొన్నవారు దేనికి నమస్కరించవలెను, దేనిని దబాయించి అడుగవలెను? మేము ఆలోచించినకొలది ఇది చిన్న ప్రశ్న గాదని తోచుచున్నది. దీనికి జవాబు మాకు పుస్తకములలో దొరకలేదు. మా యింటి మజ్జిగకుండ దగ్గఱ కొంత దొరికినది.

మా అత్తగారు పెట్టుగుణము గల మనిషి. చైత్రమునుండి మృగశిర ప్రవేశించువఱకు మా వాకిట వేపచెట్టుక్రింద కుండెడు మజ్జిగ ఉండవలసినదే. ప్రత్తితీతకు, మిరపకోతకు పోవు స్త్రీలు త్రోవలో ఆగి దోసిలి పట్టి త్రాగి పోయెడివారు. పురుళ్లకు పాతచీరలు, పండుగకు బెల్లము, కఱవునకు జొన్నలు అడిగినవారికి లేదనలేదు. 1977 నవంబరు 19 న దివిసీమను ముంచిన ఉప్పెనగాలి మా ప్రాంతమును కూడ ఊపివేసినది. వాడలలో కప్పులు లేచిపోయినవి. మఱునాటినుండి పదిదినములు మా పెరటిలో గాడిపొయ్యి ఆఱలేదు. అత్తగారు స్వయముగా గరిటె పట్టి గంజి పోసిరి. అప్పుడు ఆమె ముఖమున చూచిన వెలుగు మేము మఱల చూడలేదు.

1981 లో పంచాయతీ యెన్నిక వచ్చినది. మా దగ్గఱి బంధువొకరు నిలిచిరి. అత్తగారు ఎవ్వరిని ఏమియు అడుగలేదు. అడుగనక్కఱలేదని ఆమె తలంపు. లెక్కించినపుడు చూడగా వాడలోని వోట్లన్నియు రెండవవానికి పడినవి. బంధువు ఓడిపోయెను. ఆ రాత్రి ఆమె అన్నము తినలేదు. మఱునాడు వేపచెట్టుక్రింద కుండ లేదు.

మూడుదినములు లేదు. ఎండ నిప్పులు చెఱుగుచున్నది. స్త్రీలు వచ్చి, చెట్టువైపు చూచి, మాట్లాడకుండ పోయిరి. నాలుగవనాడు ఒకామె నిలిచినది. మా వసారాలో తొడిమలు తీయువారిలో ఆమె పెద్దది. లత ఇల్లు విడిచిపోవుట తగదని దినమంతయు వాదించినది ఆమెయే. ఆమె అరుగుముందు నిలిచి, “అమ్మగారూ, మీ మజ్జిగ తాగలేదని మేం అనం. గాలివానకి మీ గంజి తాగి బతికాం. ఋణం ఉంటే చెప్పండి, నాలుగు రోజులు కూలి లేకుండా కాయ కోసిపెడతాం. ఓటంటారా, ఆయన మా వాడలో పంపు ఏయిస్తానన్నాడు. రెండు మైళ్లు పోయి నీళ్లు తెచ్చుకునేది మేం గదమ్మా” అనినది.

మా అత్తగారు లోపలికి పోయిరి. ఆమె కోపించెనో, సిగ్గుపడెనో మాకు తెలియలేదు. కొంతసేపటికి కవ్వము చప్పుడు వినవచ్చినది.

ఆనాడు మాకు గుచ్చుకొన్నది మఱియొకటి. అరుగుముందు నిలిచి మాట్లాడిన ఆ మనిషికి మేము ఇచ్చు కూలి మగకూలికంటె చాల తక్కువ. పని తక్కువ చేసియు కాదు, ఆడుది గనుక. మజ్జిగ ఎన్ని కుండలు పోసినను ఆ తక్కువ నిండునది కాదు. అమెరికాలో ఆండ్రూ కార్నెగీ యను ఉక్కు వ్యాపారి 2,500 కు పైగా గ్రంథాలయములు కట్టించినవాడు. ఆయన సంస్థకు చెందిన హోంస్టెడ్ కర్మాగారముననే 1892 లో కూలితగ్గింపునకు ఒప్పుకొనని పనివారితో పోరు జరిగి ప్రాణములు పోయినవి. అంత పెద్దవాని లెక్కలోను, మా వసారా లెక్కలోను ఒకే తప్పు కనబడినది. మామగారితో చెప్పి ఆ యేడు కూలి కొంత పెంచగలిగితిమి గాని మగవారితో సమానము చేయించలేకపోతిమి.

నీటిమాట వచ్చినది గనుక కారంచేటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఆ యూరి దాతనుగూర్చి వ్రాయుచు దీనిని దాటివేయుట మాకు న్యాయమని తోచదు. 1985 జూలైలో అక్కడ త్రాగునీటి చెఱువు దగ్గఱ తగవు పుట్టినది. నీరు మలినము చేయవద్దన్నందుకు కొట్టబోగా, నీటికి వచ్చిన ఒక దళితస్త్రీ తన బిందె యెత్తి అడ్డుకొన్నది. మఱునాడు 17 వ తేదీన మాదిగవాడమీద దాడి జరిగి ఆరుగురు చంపబడిరి. బ్రతికినవారు ఊరు విడిచి చీరాల చేరిరి. వారికి అక్కడనే విజయనగర కాలనీ యేర్పడినది. వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానమున 2008 లో గాని ముగియలేదు. రామానాయుడుగారికి ఈ ఘోరముతో నిమిత్తము లేదు. ఆయన అప్పటికి ఇరువదియేండ్లుగా మద్రాసువాసి. కాని ఆ వార్త వచ్చిననాడు మా అత్తగారు వసారాలో గుంజకు చేరబడి, “బిందె ఎత్తిందట” అని రెండుమూడుసారులు తనలో తానే అనుకొనిరి. మా వాడలో పంపు పడి అప్పటికి రెండేండ్లయినది. దానముతో చల్లారు దాహము వేఱనియు, ఒకరి దయ అడుగకుండ తన చెఱువునీరు తాను ముంచుకొనవలెనను దాహము వేఱనియు మాకు ఆనాడు తెలిసినంతగా ఏనాడును తెలియలేదు.

2004 ఎన్నికలలో రామానాయుడుగారు బాపట్లనుండియే మఱల నిలిచిరి. వారికి ఎదురుగా కాంగ్రెసుపక్షమున నిలిచినవారు దగ్గుబాటి పురందేశ్వరిగారు. ఆమె నందమూరి తారకరామారావుగారి కుమార్తె; కారంచేటి దగ్గుబాటివారి కోడలు. విచిత్రము చూడుడు. 1964 లో తారకరామారావుగారి రెండు వేషములతో రామానాయుడుగారి సంపద మొదలైనది. ఆయన 1982 లో స్థాపించిన పక్షము పేరనే ఈయన లోకసభకు వెళ్లిరి. సరిగా నలువదియేండ్లకు ఆయన కుమార్తె చేతిలోనే ఓడిపోయిరి. చలనచిత్రమున ఇట్టి కథ వ్రాసినచో నమ్మశక్యము కాదని రామానాయుడుగారే తిరుగగొట్టియుందురు.

ఇక మా సంగతి. ఆ యెన్నికలో మా అత్తగారు రామానాయుడుగారికి వోటు వేసిరి. అప్పటికి ఆమెకు ఎనుబదియేండ్లు దాటినవి. మనుమని చేయి పట్టుకొని వెళ్లి, వేలిమీది సిరా అందఱికి చూపుచు వచ్చి, “మన వసారాలో కథ కొన్నాయనకి వేశాను” అని నవ్విరి. “నువ్వో?” అని మమ్ము అడిగిరి. మేము నవ్వి ఊరుకొంటిమి. ఆయనకే వేసితిమని ఆమె తలచినది. అట్లు తలచనిచ్చితిమి.

మేము వేయలేదు. ఈ మాట ఇంతవఱకు మా యింటివారికి కూడ చెప్పలేదు. ఇక్కడ మొదటిసారి చెప్పుచున్నాము. రామానాయుడుగారిమీద మాకు ఇసుమంత కోపము లేదు. ఆయన ఇచ్చిన చేయి మంచిదని అప్పుడు నమ్మితిమి, ఇప్పుడును నమ్ముచున్నాము. కాని ముందటి రెండుమూడేండ్లు వానలు లేక చివరిపొలములకు కాలువనీరు అందలేదు. ప్రత్తి ఎండినది. మోటారు తిరిగినను తిరుగకున్నను కరెంటు బిల్లు వచ్చుచుండెను. మా యింటి మగవారు రాత్రులు అరుగుమీద కూర్చుండి అప్పులు కూడుకొనుట మేము తలుపుచాటునుండి వినుచుండెడివారము. చుట్టుపట్ల జిల్లాలలో పురుగుమందు త్రాగిన ప్రత్తిరైతుల వార్తలు పత్రికలలో వచ్చుచుండెను. పాలించుచున్న పక్షము మారినచో నీటికి, కరెంటునకు ఏదేని దారి దొరకునేమో యని ఆశపడితిమి. రాష్ట్రమంతట చాలమంది అట్లే తలంచినట్లున్నారు. ఆ యేడు రాష్ట్రమునను, దేశమునను ప్రభుత్వములు మారినవి. మీటపై వ్రేలు నొక్కునపుడు మాకు ఆ ముసలామె మాట జ్ఞాపకము వచ్చినది. ‘ఋణముంటే చెప్పండి.’ ఇరువదిమూడేండ్లకు ఆమె నిలిచినచోట మేము నిలిచితిమి.

అయినను మనస్సు నెమ్మదిగా లేదు. పుచ్చుకొన్నవారు స్వతంత్రులని చెప్పుట సులభము. ఇచ్చినవాని ముఖము తలచుకొన్నపుడు కష్టము. ఉప్పెననాడు గరిటె పట్టిన మా అత్తగారి ముఖమును, ఎన్నికనాటి రాత్రి అన్నము మానిన ఆమె ముఖమును మేము చూచితిమి. ఆ రెండును ఒకే మనిషివి. దాత నిస్స్వార్థుడుగా ఉండవలెనని కోరువారు ఎన్నడైన పదిదినములు గంజి పోసి చూడవలెను. ఇచ్చినవానికి ఒక్కమాట తిరిగి వినవలెనని ఉండుట పాపమని మేము అనజాలము. ఆ మాట వోటురూపమున అడుగుటయే ఇబ్బంది. అది ఒక్కరి సొత్తు కాదు, వెనుక పొలమున్నది, పిల్లలున్నారు, వాడలోనికి రాని పంపున్నది.

రామానాయుడుగారు ఆ తరువాత ఎన్నికలకు నిలువలేదు. చిత్రములకే మరలిరి. కుమారులు సురేష్‌బాబుగారు, వెంకటేష్‌గారు, మనుమలు అదే త్రోవలో నడచిరి. 2015 ఫిబ్రవరి 18 న హైదరాబాదున ఆయన కాలధర్మము చెందిరి. మా అత్తగారు అంతకు ఆరేండ్లు ముందుగనే పోయిరి. ఉండియున్నచో ఆనాడైనను ఆమెకు నిజము చెప్పియుందుమా యని మమ్ము మేమే ప్రశ్నించుకొంటిమి. చెప్పియుండమనియే తోచినది.

ఆ సాయంకాలము టెలివిజనులో వార్త విని, అరుగుమందు నిలిచి మాట్లాడిన ఆమె వచ్చినది. చూపు తగ్గినది, నడుము వంగినది. మిరపకాయల కాలమే గాని మా వసారాలో ఇప్పుడు కాయ లేదు. కల్లమునుండి తిన్నగా శీతలగిడ్డంగికి పోవుచున్నది. ఆమె అలవాటుగా తన చోటనే, గుంజప్రక్క కూర్చుండి, “ఆ పుస్తకం ఉందామ్మా?” అనినది.

పెట్టె దింపి తెచ్చితిమి. మూత తీయగనే ఇద్దఱికిని తుమ్ము వచ్చినది. కన్నద్దములు తుడుచుకొని, దారము తెగిన పుటలు సరిచేసి, మొదటినుండి చదువ మొదలుపెట్టితిమి. ఆమె కన్నులు మూసికొని వినుచున్నది. కొంతదూరము పోయినపిమ్మట చేయెత్తి, “ఆ రోజు ఇక్కడ ఆపావమ్మా. వాన చినుకులు పడ్డాయని కాయ ఎత్తడానికి లేచాం” అనినది. మాకు జ్ఞాపకము లేదు. పుట త్రిప్పి చూడగా అక్కడ మూలనున్న వ్రేలిముద్ర తక్కినవానికంటె ఎఱ్ఱగా ఉన్నది.

లత కొలువునకు చేరువఱకు చదివితిమి. అప్పుడు ఆమె నేలమీద చేయి ఊని లేచి, పంపు వచ్చు వేళయినదనియు, కోడలికి బిందెలు అందీయవలెననియు చెప్పి, తక్కినది రేపు విందునని వెళ్లినది.